పీటకాళ్ల అక్షరములు

విజయవాడ దాపుననున్న ఇబ్రహీంపట్నము నుండి మైలవరము, తిరువూరు, కొత్తగూడెముల మీదుగా భద్రాచలము వైపు పోవు బాటకు ఇప్పుడు 30వ జాతీయ రహదారి యని పేరు. ఈ దారిని ఎ.కొండూరు వైపు పోవువానికి ఊరిపేర్ల పలకలు వరుసగా ఎదురగును. మైలవరం, రెడ్డిగూడెం, ఎ.కొండూరు, విస్సన్నపేట, తిరువూరు - ఇట్టి పేర్లు తెలుగులోను ఇంగ్లీషులోను వ్రాసియుండును. రెండు వ్రాతలును ఒకే ఎత్తున నున్న పలకను ఒకదానిని ఎంచుకొని, బస్సు ముందుసీటులో కూర్చుండి గమనించినచో ఒక వింత తెలియును. ఇంగ్లీషు అక్షరములు ముందుగా విడివడును. తెలుగు అక్షరములు మరికొంత దగ్గరకు పోయినగాని విడివడవు. అందులోను 'ఎ.కొండూరు' కొంత ముందుగా తెలియును. 'రెడ్డిగూడెం' అంతకంటె ఆలస్యముగా తెలియును.

తెలుగు మన మాతృభాష. పుట్టినది మొదలు చూచుచున్న లిపి. కనుక ఇది చదువురాకపోవుటవలన కలిగిన చిక్కు కాదు. రంగులోను లోపము లేదు. రెంటికిని ఒకే రంగు వేసిరి. మరి కారణమేమి? ఈ ప్రశ్నకు సమాధానము కొంత కంటిలోను, కొంత అక్షరపు కట్టడములోను ఉన్నది. దూరమునుండి చదువుటకే ప్రత్యేకముగా పుట్టిన ఒక అక్షరజాతి చరిత్ర తెలిసికొన్నచో ఆ సమాధానము సులభముగా దొరకును. ఆ జాతి రెండువందల యేండ్ల క్రిందట లండను నగరములో పుట్టినది.

ఇంగ్లీషులోని పెద్ద 'ఐ' అక్షరమును పుస్తకములో చూడుడు. అది కేవలము ఒక నిలువుగీత కాదు. పైకొనకు, క్రిందికొనకు చిన్న అడ్డగీతలుండును. వీనిని సెరిఫులందురు. రోమను శిల్పులు రాతిమీద చెక్కిన శాసనములలోనే ఇవి కనిపించును, క్రీ.శ. 113లో రోములో నిలిపిన ట్రాజను స్తంభపు పీఠముమీది అక్షరములు ఇందుకు ప్రసిద్ధమైన ఉదాహరణము. సాధారణముగా ఈ కాళ్లు సన్నగా, కొనదేరి, నిలువుగీతలో ఒదిగిపోవును. కాని ఒక జాతి అక్షరములలో ఈ కాళ్లు సన్నగిల్లవు, వంపు తిరుగవు. నిలువుగీత ఎంత లావో కాలును ఇంచుమించు అంత లావు, మూలలు నలుచదరము. మన ఇండ్లలో భోజనమునకు కూర్చుండు పీటను నిలువుకంబము క్రింద వేసినట్లుండును. ఇంగ్లీషువారు దీనిని 'స్లాబ్ సెరిఫ్' అనిరి. మనము పీటకాళ్ల అక్షరమని చెప్పుకొందము. చదువరులు దీనిని చూడకపోలేదు. పాత కచేరీ కాగితములలోని టైపురైటరు వ్రాత ఈ జాతిదే. అమెరికా పశ్చిమసీమల సినిమాలలో నేరస్థుని పట్టిచ్చినవారికి బహుమానము ప్రకటించు కాగితములమీది బండ అక్షరములును ఈ జాతివే.

పందొమ్మిదవ శతాబ్దము ఆరంభము వరకు అచ్చు అనగా ముఖ్యముగా పుస్తకము. పుస్తకమును మూరెడు దూరమున పట్టుకొని చదువుదురు. అచ్చు అక్షరములు చెక్కువారందరు ఆ మూరెడు దూరమునే మనసులో నుంచుకొనిరి. పద్దెనిమిదవ శతాబ్దము చివర ఇటలీలో బొదోని, ఫ్రాన్సులో దిదో వంశమువారు చెక్కిన అక్షరములలో నిలువుగీత లావు, అడ్డగీత వెండ్రుకవలె సన్నము. నునుపైన కాగితముమీద, చేతి దూరమున, అవి ఎంతో సొగసుగా నుండును.

ఇంతలో లండనులో కాలము మారెను. మిల్లుల సరుకులు, గుఱ్ఱపుబండ్ల వేళలు, నాటకశాలలు, ప్రభుత్వపు లాటరీలు - ఇవన్నియు గోడలకెక్కెను. గోడమీది కాగితమును కూర్చుండి చదువువాడు లేడు. నడచిపోవువాడు వీధి ఆవలినుండి చదువవలెను. తొలుత అచ్చువారు పుస్తకపు అక్షరమునే పెద్దదిచేసి, నిలువుగీతను మరింత లావుచేసిరి. రాబర్టు థార్ను అను పోతగాడు ఇట్టి బొద్దు అక్షరములకు పేరుపొందెను. ఐనను అడ్డగీత వెండ్రుకగానే మిగిలెను. ఇక్కడనే చిక్కు వచ్చినది.

ఆరోగ్యవంతమైన కన్ను విడదీసి చూడగల కనీసపు కోణము సుమారు ఒక నిమిషము; అనగా ఒక డిగ్రీలో అరువదవ వంతు. పది మీటరుల దూరమున ఈ కోణమునకు సరిపడు వెడల్పు ఇంచుమించు 3 మిల్లీమీటరులు. ఐదు సెంటీమీటరుల ఎత్తుగల 'హెచ్' అక్షరమును ఊహింపుడు. నిలువుగీతలు రెండును ఒక్కొక్కటి సెంటీమీటరుకు పైబడి లావు. వానిని కలుపు అడ్డగీత అర మిల్లీమీటరు. పది మీటరుల దూరమున అడ్డగీత చాల మసకబారును. మిగిలినవి రెండు స్తంభములు! చిన్న 'ఎన్' అక్షరములోను రెండు స్తంభములే, చిన్న 'యు'లోను రెండు స్తంభములే. కాగితముమీద సిరా ఎంత ఎక్కువ పోసినను ప్రయోజనము లేదు. పోసినచోట సమాచారము లేదు, సమాచారమున్నచోట సిరా లేదు.

ఈ చిక్కును విడదీసినది పీటకాలు. విన్సెంట్ ఫిగ్గిన్స్ అను లండను పోతగాడు 1815 నాటి తన నమూనా పుస్తకములో 'యాంటిక్' అను పేర కొన్ని పెద్దక్షరములను చూపెను. అందులో సన్నగీతయే లేదు. నిలువు, అడ్డము, కాలు - మూడును దాదాపు ఒకే లావు. పీటకాలు ఇంకొక మేలు కూడ చేసినది. గీత ఎక్కడ ముగిసినదో కంటికి గట్టిగా చెప్పినది. మసక వెలుతురులో గీత కొనలే ముందుగా కరగిపోవును. అక్కడ బరువు పెంచుటచే ఆ కరగుట కొంత ఆగెను.

1820లో థార్ను మరణింపగా ఆయన పోతశాలను కొన్న విలియం థొరోగుడ్ మరుసటి యేడు ఇట్టి అక్షరములనే 'ఈజిప్షియను' అను పేర ప్రకటించెను. ఈజిప్టు లిపికిని వీనికిని ఎట్టి సంబంధమును లేదు. నెపోలియను 1798లో ఈజిప్టుపై దండెత్తుట, మరుసటి యేడు రొసెట్టా శిల దొరకుట, అది లండను చేరుట - వీనివలన ఆ కాలమున ఈజిప్టు పేరుగల వస్తువేదైనను అంగడిలో చెల్లెడిది. అంతకుముందు 1816లో నాలుగవ విలియం కాస్లను కాళ్లేలేని అక్షరములకు ఇదే పేరు పెట్టెను! ఒకే పేరు కాళ్లులేనిదానికిని, అందరికంటె బరువైన కాళ్లున్నదానికిని తగిలినదన్నమాట. పేర్లనుబట్టి చరిత్ర వ్రాయబోవువారు ఇట్టిచోట్ల జాగ్రత్తపడవలెను.

పెద్దలకు ఇవి నచ్చలేదు. టి.సి. హాన్సార్డు 1825లో ప్రకటించిన ముద్రణకళా గ్రంథములో ఆనాటి బండ అక్షరములను గట్టిగా నిరసించెను. పుస్తకముల దృష్టితో చూచినచో ఆయన అన్నది నిజమే. ఈ అక్షరములతో నూరుపుటలు చదివినవానికి తలనొప్పి తప్పదు. కాని అవి నూరుపుటలకు పుట్టినవి కావు. నాలుగుమాటలకు పుట్టినవి.

అక్షరము పెద్దదగుకొలది మరియొక కష్టము తోచెను. అచ్చు అక్షరమును సీసము, ఆంటిమొని, తగరము కలిపిన లోహముతో పోతపోయుదురు. దాని ఎత్తు, అనగా అడుగునుండి సిరా అంటు ముఖము వరకు, ఇంగ్లీషు దేశములలో 0.918 అంగుళము; 2.33 సెంటీమీటరులు. పది సెంటీమీటరుల పొడవు, ఏడు సెంటీమీటరుల వెడల్పుగల ఒక అక్షరమును గట్టిగా పోసినచో దాని ఘనపరిమాణము 163 ఘన సెంటీమీటరులు. ఈ లోహపు సాంద్రత సుమారు 10 అనుకొన్నను ఒక్క అక్షరము 1,600 గ్రాములకు పైబడి తూగును. ఇరువది అక్షరముల పంక్తి 32 కిలోగ్రాములు! లోపల బోలుగా పోసి బరువు తగ్గించినను, పెద్ద పోత చల్లారునప్పుడు కుంచించుకొనిపోయి ముఖము పల్లమగును. పల్లమున సిరా అంటదు.

చెక్క ఈ కష్టమును తీర్చినది. న్యూయార్కులో డేరియస్ వెల్స్ 1827లో తిరుగుడు ఉలివంటి యంత్రముతో చెక్క అక్షరములను త్వరగా తొలచు పద్ధతిని కనిపెట్టి, మరుసటి యేడు నమూనా పుస్తకము వెలువరించెను. 1834లో విలియం లెవెన్‌వర్త్ ఈ ఉలికి పాంటోగ్రాఫును జతచేసెను. పాంటోగ్రాఫనగా కీళ్లతో కూడిన సమాంతర చతుర్భుజము. ఒక కొనను మూలచిత్రము అంచువెంబడి త్రిప్పినచో రెండవ కొన అదే ఆకారమును కావలసిన పరిమాణములో గీయును. క్షేత్రగణితములో సరూప త్రిభుజముల పాఠము చెప్పునప్పుడు ఉపాధ్యాయులు దీనిని అట్టముక్కలతో చేసి చూపవచ్చును. అమెరికాలో ఈ పనికి గట్టి మేపుల్ చెక్కను వాడిరి. అదియు నిలువుకోత కాదు, మానుకు అడ్డముగా కోసిన ముఖము. అట్టి ముఖము ఒత్తిడికి అణగదు, నారలు లేవవు. మన కొండపల్లి ఎ.కొండూరుకు ఎక్కువ దూరము కాదు, అక్కడి పనివారికి చెక్క చెక్కుట తరతరాల విద్య. ఐతే బొమ్మలకు వాడు తెల్లపొణికి తేలికైన మెత్తని కఱ్ఱ. అది రంగు పట్టుటకు మేలు గాని అచ్చుయంత్రపు దెబ్బకు ఆగునది కాదు.

చెక్కకును పీటకాలికిని స్నేహము కుదిరినది. వెండ్రుకవంటి సన్నగీత చెక్కలో నిలువదు. రెండుమార్లు యంత్రమునకెక్కగానే విరుగును. లావుపాటి నలుచదరపు కాలు విరుగదు. పైగా తిరుగుడు ఉలికి లావుగీతలు తొలచుట సులభము. ఈ విధముగా కంటికి అనుకూలమైన ఆకారమే పనిముట్టుకును అనుకూలమైనది. అమెరికాలో సర్కసులు, నాటకములు, వేలములు, రైళ్లు, అన్నిటి ప్రకటనలలోను ఈ అక్షరములు నిండిపోవుటకు ఇది పెద్ద కారణమని నా అభిప్రాయము. అభిరుచి తరువాతి మాట.

లండనులో రాబర్టు బెస్లీ పోతశాల 1845లో 'క్లారెండను' అను మెత్తని పీటకాళ్ల అక్షరమును వెలువరించెను. దానిని చెక్కినవాడు బెంజమిన్ ఫాక్స్. కాలు నిలువుగీతను కలియుచోట చిన్న వంపు ఉండుట దీని ప్రత్యేకత. చట్టము క్రింద నమోదై మూడేండ్లు రక్షణ పొందిన అక్షరముగా ఇది చరిత్రకెక్కినది. ఆ మూడేండ్లు గడువగానే ఇతర పోతశాలలవారు దానిని అనుకరించిరి. నిఘంటువులో మాటను బండగా, అర్థమును సన్నగా అచ్చువేయు పద్ధతికి ఈ అక్షరము బాగుగా ఉపకరించినది. టైపురైటరు సంగతి వేరు. ఆ యంత్రములో ప్రతి అక్షరమునకును ఒకే వెడల్పు చోటు. చిన్న 'ఐ' సన్ననిది, చిన్న 'ఎం' వెడల్పైనది. 'ఐ'కి ఇరుప్రక్కల ఖాళీ మిగిలి పంక్తి పళ్లు ఊడినట్లుండును. ఆ ఖాళీని పూరించుటకు 'ఐ'కి పొడవైన పీట వేసిరి. ఇక్కడ పీట పని దూరదృష్టి కాదు, చోటు నింపుట.

ఈ చరిత్రలో విజ్ఞానశాస్త్ర విద్యార్థికి అన్నిటికంటె ముఖ్యమైన ఘట్టము 1862లో హాలండులోని ఉట్రెక్టు నగరమున జరిగినది. హెర్మన్ స్నెల్లెన్ అను నేత్రవైద్యుడు చూపును కొలుచుటకు అక్షరముల పటము తయారుచేసెను. అతడు తొలుత అచ్చువారి వద్ద దొరకు ఈజిప్షియను జాతి అక్షరములనే వాడిచూచెను. తరువాత వానిని తన లెక్కకు తగినట్లు సవరించెను. ఐదు గడుల ఎత్తు, ఐదు గడుల వెడల్పుగల చదరమును తీసికొని, గీతలావు సరిగా ఒక గడి, గీతకును గీతకును నడుమ తెలుపు సరిగా ఒక గడి ఉండునట్లు అక్షరమును గీసెను. అతని అక్షరములకు పీటకాళ్లుండెను. ఆ కాలి మందమును ఒక గడియే.

'ఇ' అని పలుకు ఇంగ్లీషు అక్షరమును ఈ చదరములో చూచినచో పైనుండి క్రిందికి ఐదు పొరలు కనిపించును: నలుపు, తెలుపు, నలుపు, తెలుపు, నలుపు. ఒక్కొక్క పొర కంటివద్ద ఒక నిమిషము కోణము చేసినచో మొత్తము అక్షరము ఐదు నిమిషములు. ఆరు మీటరుల దూరమున అట్టి అక్షరపు ఎత్తు 8.7 మిల్లీమీటరులు. దానిని చదివినవాని చూపును 6/6 అందురు. పటములో అన్నిటికంటె పైనున్న పెద్ద అక్షరము దీనికి పదిరెట్లు, 87 మిల్లీమీటరులు. అరువది మీటరుల దూరమున అది ఐదు నిమిషములు చేయును. కంటిశిబిరములలో ఈ పటమును చూచునప్పుడు స్కేలుతో కొలిచిచూడుడు. పటము మూడు మీటరుల కొరకు చేసినదైనచో కొలత సగముండును.

స్నెల్లెన్ లెక్కలో గమనింపవలసినది తెలుపు. నలుపు ఎంతయో తెలుపు అంతే. గోడపత్రికలవారు అనుభవముచే సగము కనుగొన్నదానిని, అనగా సన్నగీత పనికిరాదన్న సత్యమును, అతడు కొలతతో పూర్తిచేసెను: మితిమీరిన లావుగీతయు పనికిరాదు. గీతను లావుచేసిన కొలది దాని ప్రక్కనున్న తెలుపు తరిగిపోవును. తెలుపు ఒక నిమిషముకంటె తక్కువైనచో రెండు నలుపులు కలిసి ఒకే మచ్చయగును.

పీటకాలు చదువుటకు తప్పనిసరియా? కాదు. 1959లో అమెరికాలో లూయీజ్ స్లోన్ కాళ్లులేని పది అక్షరములతో కంటిపటము చేసెను; ఇప్పటి పరిశోధనలలో అట్టివానినే ఎక్కువగా వాడుచున్నారు. ఇంగ్లీషు అక్షరమునుండి కాలు తీసివేసినను అది అదే అక్షరము. కాలు దానికి చెప్పువంటిది. ఈ మాటను జ్ఞాపకముంచుకొని తెలుగునకు వత్తము.

తెలుగు పుస్తకములు అచ్చుపడుట కూడ విదేశములోనే మొదలైనది. చెన్నపట్నములో పనిచేసి స్వదేశము చేరిన బెంజమిన్ షుల్జ్ 1746-47లలో జర్మనీలోని హాలే నగరమున తెలుగు పుస్తకములు అచ్చువేయించెను. బెంగాలులోని శ్రీరామపురమున విలియం కేరీ తెలుగు వ్యాకరణము 1814లోను, చెన్నపట్నమున క్యాంబెల్ వ్యాకరణము 1816లోను వెలువడినవి. చూడుడు, ఫిగ్గిన్స్ పీటకాళ్లును ఆ రోజులవే! కాని మనవారి ధ్యాస పుస్తకము మీదనే యుండెను, ఉండుటయు న్యాయమే. ఇంగ్లీషునకు పెద్ద, చిన్న అక్షరములు, అంకెలు, గుర్తులు కలిపి సుమారు నూరు ముక్కలు చాలును. తెలుగునకు గుణింతములు, వత్తులు కలిపి కొన్ని వందల ముక్కలు కావలెను. వీనిని ఉక్కుమీద ఒక్కొక్కటిగా చెక్కి, రాగిలో ముద్రవేసి, పోతపోయుట ఎంతటి శ్రమయో ఊహించుకొనవచ్చును. ఇక గోడపత్రికకు తగిన బండ అక్షరములు కూడ అన్ని పరిమాణములలో చేయించుట ఏ ముద్రణాలయమునకైనను మించిన ఖర్చు.

గోడపత్రికల అవసరము మాత్రము మనకును వచ్చినది. 1885లో సురభి నాటకసమాజము పుట్టినది; 1902లో బందరున కృష్ణాపత్రిక వెలువడినది; 1932లో తొలి తెలుగు మాటల చిత్రము 'భక్త ప్రహ్లాద' వచ్చినది. ఊరూర ప్రకటనలు అంటించవలసి వచ్చెను. ముద్రణాలయములు కొన్ని పరిమాణములలో తెలుగు చెక్క అక్షరములుంచుకొని చిన్న గోడపత్రికలకు వాడిరి. పెద్దపేర్లకు మాత్రము పోతగానిని, వడ్రంగిని దాటి చిత్రకారుని ఆశ్రయించిరి. 1796 ప్రాంతమున జర్మనీలో సెనెఫెల్డరు కనిపెట్టిన రాతియచ్చులో అక్షరపు ముక్కలతో పనిలేదు. జిడ్డుసిరాతో రాతిమీద ఏది వ్రాసిన అది అచ్చుపడును. రాతియచ్చు, తరువాత ఆఫ్‌సెట్ అచ్చు, మన సినిమా పేర్లకు కుంచెవ్రాతను ప్రసాదించినవి. తెలుగు బండ అక్షరము ఉలితో కాక కుంచెతో పెరిగినది. బాపు (1933-2014) వ్రాతలోని విరుపును పెండ్లిపత్రికలలోను, సినిమా పేర్లలోను చూచినవారికి ఈ మాట వేరుగా చెప్పనక్కరలేదు.

అట్లు వ్రాసిన చిత్రకారులలో కొందరు ఇంగ్లీషు పీటకాళ్ల బింకమును తెలుగునకు తేజూచిరి. కాని పీట వేయుటకు తెలుగు అక్షరమునకు కాలెక్కడిది? తాటాకుమీద ఘంటముతో వ్రాయు లిపి గుండ్రనైనదని, నిడుపైన అడ్డగీత ఆకును చీల్చునని పెద్దలు చెప్పుదురు. 'ర', 'ద', 'ప' - అన్నిటికిని అడుగు గిన్నెవలె గుండ్రము. కొసలని చెప్పదగినవి పైన మాత్రమే కలవు. అందు ముఖ్యమైనది తలకట్టు. కనుక తలకట్టునే గొడ్డలివలె బరువుచేసిరి. చూచుటకు ఠీవిగానే యుండును. కాని తలకట్టు చెప్పువంటిది కాదు, అది అక్షరములో అవయవము. అది ఉన్నచో 'క'. దాని స్థానమున గుడి వచ్చినచో 'కి'. ఎత్వము వచ్చినచో 'కె'. అంతటి సమాచారమును మోయు గుర్తును బరువుచేసినచో గుడియు, ఎత్వమును, తలకట్టును దూరమునుండి ఒకే ముద్దగా కనిపించును.

అడుగుభాగమున ఇంకొక అపాయము. 'ద'కును 'ధ'కును, 'ప'కును 'ఫ'కును, 'డ'కును 'ఢ'కును భేదము అడుగున నున్న చిన్న గీత. కుంచె లావైన కొలది ఆ గీత గిన్నెలో కలిసిపోవును. 'ప'కును 'ష'కును భేదము కడుపులోని మెలిక. అక్కడి తెలుపు పోయిన మెలికయు పోయినట్లే. ఇంగ్లీషు అక్షరపు గుర్తింపు ఎక్కువగా అంచులలోనున్నది. తెలుగు అక్షరపు గుర్తింపు ఎక్కువగా కడుపులోనున్నది. ఇంగ్లీషు బండ అక్షరమును బయటికి లావుచేయవచ్చును. తెలుగు బండ అక్షరమును లోపలి తెలుపును కాపాడి లావుచేయవలెను.

ఇప్పుడు రెడ్డిగూడెము పలక వద్దకు పోదము. 'డ్డి' అను కూర్పులో పైనుండి క్రిందికి పొరలు లెక్కింపుడు. గుడి పైగీత నలుపు, గుడి లోపలి తెలుపు, గుడి, 'డ' కలియు నలుపు, 'డ' కడుపులోని తెలుపు, అడుగు నలుపు. ఇవి ఐదు. పిదప నడుమ ఖాళీ ఒకటి. క్రింద వత్తులో నలుపు, తెలుపు, నలుపు మూడు. మొత్తము తొమ్మిది. ఇది ముతక లెక్కయే. వ్రాతనుబట్టి ఒకటి ఎక్కువ తక్కువ కావచ్చును. ఇంగ్లీషు అక్షరమునకు ఐదు పొరలు చాలినచోట దీనికి తొమ్మిది కావలెను. ఒకే ఎత్తులో వ్రాసినచో తెలుగు పొర ఇంగ్లీషు పొరలో ఇంచుమించు సగము. కనుకనే చదువు దూరమును సగమునకు వచ్చును. 'ఎ.కొండూరు'లో వత్తు లేదు. అందువలననే అది కొంత ముందుగా విడివడినది. ఈ పని చేసినది లిపి కాదు, పలకమీద రెండు భాషలకు ఒకే ఎత్తు కేటాయించిన కొలబద్ద.

ఉపాధ్యాయులు దీనిని పాఠశాల వరండాలో పరీక్షింపవచ్చును. తెల్లకాగితముమీద ఐదు సెంటీమీటరుల ఎత్తున 'ర', 'ది', 'డ్డి', 'స్త్రీ' అను నాలుగింటిని మూడేసి లావులలో వ్రాయించి, విద్యార్థులచే దూరమునుండి మెల్లగా నడచివచ్చి చదువగలిగినచోట సుద్దతో గీత గీయించవలెను. లావు పెంచిన కొలది 'ర' ఎక్కడనుండి తెలియునో, 'స్త్రీ' ఎక్కడనుండి తెలియునో పట్టిక వేసినచో పాఠము దానంతట అదే తయారగును. నల్లబల్లమీద సుద్దతో వ్రాసినప్పుడు గీత అంత లావు అక్కరలేదు. నల్లని నేలమీద తెల్లని గీత ఉన్నదానికంటె లావుగా తోచుట కంటికి సహజము.

కంప్యూటరు వచ్చిన తరువాత వందలకొలది ముక్కలు పోతపోయు భారము తొలగినది. 1991లో వెలువడిన యూనికోడు తొలి ప్రమాణములో తెలుగునకు చోటు దొరకినది. ఆకారములు గీయుట ఒకమారు చాలును, పరిమాణము యంత్రము చూచుకొనును. పురుషోత్ కుమార్ గుత్తుల గీసిన 'రామభద్ర' అను బండ ఖతి శీర్షికలకు, గోడపత్రికలకు ఉద్దేశించినది. అష్టదిగ్గజములలో ఒకడైన రామభద్రుని పేర వెలసినది. దానిని ఎవరైనను వెల లేకుండ వాడుకొనవచ్చును. సన్నని ఖతిని కంప్యూటరులో మీట నొక్కి బలవంతముగా లావుచేయుటకంటె ఇట్టి బండ ఖతిని వాడుట మేలు. మీటకు కడుపులోని తెలుపు ఎక్కడున్నదో తెలియదు, గీసినవానికి తెలియును.

ఇది పెండ్లిపత్రికల సొగసు మాత్రమే ఐనచో ఇంత లెక్క అక్కరలేదు. ఎ.కొండూరు మండలపు తండాలలో కొన్నేండ్లుగా మూత్రపిండముల వ్యాధి ప్రబలియుండుట పత్రికలు చదువువారికి తెలిసినదే. బోరునీటిమీద అనుమానము బలపడి, కృష్ణానీటిని అక్కడికి చేర్చు పనిని ప్రభుత్వము చేపట్టినది. ఇట్టిచోట్ల ఏ బోరు నీరు త్రాగవచ్చునో, ఏది బట్టలు ఉతుకుటకు మాత్రమే పనికివచ్చునో బిందె ఎత్తుకొన్న మనిషికి దూరమునుండియే తెలియవలెను. బంగ్లాదేశములో ఆర్సెనిక్ గల గొట్టపుబావులకు ఎఱ్ఱరంగును, మంచివానికి ఆకుపచ్చరంగును పూసిరి. రంగు ఆపును గాని వివరము చెప్పదు. వివరమునకు అక్షరమే కావలెను.

ఆ పలకకు ఎత్తు లెక్కకట్టుదము. ఇరువది మీటరుల దూరమునుండి చదువవలెను. మంచి చూపునకు ఒక పొర 5.8 మిల్లీమీటరులు. కాని చదువవలసినవారిలో అద్దాలు లేని ముసలివారుందురు. వారి చూపు 6/18 అనుకొన్నచో పొర మూడురెట్లు, 17.5 మిల్లీమీటరులు. వత్తుతో కూడిన మాటకు తొమ్మిది పొరలు. అనగా సుమారు 16 సెంటీమీటరులు. వత్తు లేని మాటకు ఐదు పొరలు. 9 సెంటీమీటరులు చాలును. 'ఈ నీరు త్రాగరాదు' అని వ్రాసినచో 'త్రా' క్రింద వత్తు వచ్చును. 'త్రాగవద్దు' అన్నచో వత్తులు రెండు. 'ఈ నీరు తాగకండి' అన్నచో వత్తు ఒక్కటియు లేదు. పలక పరిమాణము, రంగు ఖర్చు మార్చకుండగనే చిత్రకారుడు ఆ మాటను దాదాపు రెండింతలు లావుగా వ్రాయగలడు.